బాదులు తీసేసిన గ్యాలరీ

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మేడమ్, మీరు చేసినవాటిలో పెద్ద బిల్డింగు ఏది?" అని. వింటే నాకు ఒళ్లు మండుతుంది. పెద్దది కట్టడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు, పెద్ద పార్టీ దొరికితే చాలు. కూలబోయి నిలబడింది ఏది అని అడగండి, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ చెప్తాను.

నా విషయంలో అది భట్టిప్రోలు దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్లో ఒక చర్చి గ్యాలరీ. పొడవు ముప్పై అడుగులు, వెడల్పు ఏడు. అప్పటికి నేను సొంతంగా ఆఫీసు పెట్టుకుని మూడేళ్లయింది. నాకంతా తెలుసనుకునే వయసు. ఎనభైల చివర ఒక వేసవిలో ఆ గ్యాలరీ నాకేం తెలియదో చెప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ కథ మొదలుపెట్టినప్పుడల్లా ముందు నాకు నేను చెప్పుకునే మాట అదే.

కింద ఎవరుంటారు?

నాకు పని నేర్పినాయన దగ్గర ఆరేళ్లు చేశాను. తెనాలిలో ఆయన్ని అందరూ పెద్ద సారు అనేవారు. మనిషి పొట్టి, కోపం పొడుగు. డ్రాయింగు ఎంత శ్రద్ధగా వేసినా "బాగుంది" అన్న మాట ఆయన నోట వినలేదు. తిట్టకపోతే మెచ్చుకున్నట్టే లెక్క.

ఆయనకో అలవాటుండేది. డ్రాయింగు సంతకానికి తీసుకెళ్తే ముందు కింది మూలకేసి చూసేవారు. అక్కడ పెన్సిలుతో రెండు ముక్కలు రాసి ఉండాలి. ఈ స్లాబు మీద ఎవరుంటారు, దీని కింద ఎవరుంటారు. కొలకలూరులో ఒక బడి వరండాకి నేను ఆ మూలలో బరువు ఇంత అని అంకె వేసి తీసుకెళ్లాను. కాగితం నా వైపు తోసేశారు.

"అంకె ఎవరిక్కావాలమ్మా? వరండాలో కూర్చునేది అంకెలా?"

"మధ్యాహ్నం అన్నాలు తినే పిల్లలు" అని రాసి తీసుకెళ్తే సంతకం పెట్టారు. ముసలాయన చాదస్తం అనుకున్నాను. అయినా అలవాటైపోయి, నా సొంత ఆఫీసులోనూ రాస్తూనే ఉన్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో తెనాలిలో ఆడ ఇంజనీరంటే వింత. వచ్చినవాళ్లు నా కుర్చీలో నన్ను చూసి, "సారు ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగేవారు. సారూ గీరూ లేడు, నేనే అని చెప్పి చెప్పి నా నోరు పదునెక్కింది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా నన్ను పరీక్షిస్తున్నారనే అనిపించేది. సైటులో నా మాటకు ఎదురు మాట వస్తే ఊరుకునేదాన్ని కాదు. అది ధైర్యమనుకున్నాను. భయమని తర్వాత తెలిసింది.

కాలువ కట్టేసేలోగా

మా దావీదు మామయ్య అమ్మకు అన్న. అయిదెకరాల మాగాణి, చర్చి కమిటీలో పెద్దరికం, రెండూ ఆయనకు సమానం. పాత చర్చి చాలడం లేదని ముందువైపు పెంచుతున్నారు. లోపల గుమ్మం పైన పాటల బృందం నిలబడటానికి ఒక గ్యాలరీ కావాలి. కింద స్తంభాలు ఉండకూడదు, జనానికి అడ్డం. గోడలోని స్తంభాల నుంచి నాలుగు దూలాలు గాల్లోకి చాచుకుని ఉంటాయి, వాటి మీద స్లాబు. చాచిన చేతి మీద నీళ్ల బిందె పెట్టుకుంటే నొప్పి భుజం పైన పుడుతుంది కదా, ఇలాంటి దూలానికీ అంతే. బలమంతా గోడ దగ్గర, పైభాగంలో వేసే రాడ్లది. అవి తగ్గితే చెయ్యి వాలిపోతుంది.

డ్రాయింగు మూలలో రాశాను: "పైన పాటలవాళ్లు, నలభై మంది. కింద వెనక వరస ఆడవాళ్లు, పిల్లలు."

మామయ్య నన్ను తొందరపెట్టాడు.

"కాలువ కట్టేస్తారమ్మాయ్. ఈలోపు స్లాబు పోసేయాలి. తర్వాత తడపడానికి బోరు నీళ్లే గతి, అవేమో ఉప్పు. సిమెంటుకి ఉప్పు నీళ్లు పోస్తే ఇనుము తినేస్తుందని నువ్వే అన్నావుగా."

ఆ మాట నిజమే. మా ప్రాంతంలో వేసవిలో కాలువలు కట్టేస్తే మంచి నీళ్లకు కటకట. అందుకే కట్టుబడి పనులన్నీ కాలువను చూసుకునే జరిగేవి. నేనూ రెండు రాత్రుళ్లు కూర్చుని డ్రాయింగు తేల్చేశాను.

స్లాబు పోసే రోజు పొద్దున్నే వెళ్లాను. మేస్త్రి పేరు మస్తాన్. నాకంటే పదేళ్లు పెద్ద. సెంట్రింగూ ఆయనే, రాడ్ల పనీ ఆయనే. పెద్ద సారు డ్రాయింగుల మీద పదిహేనేళ్లు పనిచేసిన మనిషి. ఎక్కువ మాట్లాడడు. నేను కాగితం పట్టుకుని ఒక్కో దూలం దగ్గరా రాడ్లు లెక్కపెట్టుకుంటూ పోయాను. అన్నీ కాగితంలో ఉన్నట్టే ఉన్నాయి. దిగబోతుంటే మస్తాన్ మేస్త్రి నిచ్చెన పట్టుకుని అడిగాడు.

"అమ్మగారూ, ఈ ముందు దూలాలకి ఇంతేనా అండి?"

కింద మామయ్య, కమిటీ పెద్దలు, తట్టలతో వరసగా నిలబడ్డ కూలీలు. అందరూ నావైపే చూస్తున్నారు.

"కాగితంలో ఎంతుంటే అంతే వేయాలి మేస్త్రిగారూ. లెక్కలు నేను కడతాను, మీరు కట్టండి" అన్నాను.

"అట్టాగేనండి" అని, తట్టలు ఎత్తమని కూలీలకు చెప్పాడు. సాయంత్రానికి స్లాబు పూర్తయింది. తడి స్లాబును మోయడానికి కింద సరుగుడు బాదులు, అంటే ఊతకర్రలు, అడవిలా నిలబెట్టి ఉన్నాయి. ఇరవై ఎనిమిది రోజులు, పైగా నేను వచ్చి చెప్పేదాకా, ఒక్క బాదు కూడా కదలకూడదని చెప్పి బస్సెక్కాను.

పట్టికలో రెండు వరసలు

పన్నెండో రోజు పొద్దున ఆఫీసులో కూర్చుని, రేపల్లెలో ఒక రైసుమిల్లుకు ముందు పంచ లాంటిది డిజైను చేస్తున్నాను. అదీ చాచిన దూలాల పనే. లెక్క మళ్లీ మొదటి నుంచి కట్టడమెందుకని గ్యాలరీ లెక్కల పుస్తకం తీశాను. ముందు దూలాలకు పైన నాలుగేసి ఇరవై ఎం.ఎం. రాడ్లు అని ఉంది నా చేతి రాతలో.

అక్కడే ఆగిపోయాను. సైటులో నేను లెక్కపెట్టినవి పదహారు ఎం.ఎం. రాడ్లు.

డ్రాయింగు కాపీ పరిచాను. దూలాల పట్టికలో నాలుగో వరస, అయిదో వరస తారుమారయ్యాయి. లోపల గుమ్మం మీద వచ్చే చిన్న దూలానికి లావు రాడ్లు, గ్యాలరీ దూలాలకు సన్నవి. లెక్క తప్పలేదు. లెక్కలోంచి పట్టికలోకి ఎక్కించేటప్పుడు ఒక వరస కిందికి జారింది నా కన్ను. సైటులో సరిచూసింది కూడా ఆ తప్పు కాగితంతోనే. దాంతో సరిచూస్తే తప్పంతా ఒప్పుగానే కనబడుతుంది మరి.

గ్యాలరీ దూలాల్లో ఇనుము మూడింట ఒక వంతుకు పైగా తక్కువ పడింది. నలభై మంది ఎక్కి పాడితే నిలబడవచ్చు, నిలబడకపోవచ్చు. అంతకంటే ఖచ్చితంగా చెప్పలేకపోయాను, ఇంజనీరుకు అంతకు మించిన చావు లేదు.

పెద్ద సారు ఇంటికి పరుగెత్తాను. ఆయన కాగితం చూసి తిట్టలేదు. నాకు ఇంకా భయమేసింది.

"బాదులున్నాయా?" అన్నారు.

"ఉన్నాయి సార్. నేను చెప్పేదాకా తీయొద్దన్నాను."

"అయితే ఇక్కడేం చేస్తున్నావు? వెళ్లు."

పాట ఆపకుండా

భట్టిప్రోలులో బస్సు దిగి రిక్షా ఎక్కాను. ఊరు ఇంకో మైలు ఉందనగా ఎదురుగా ఒక ఎడ్లబండి వచ్చింది. బండి నిండా సరుగుడు బాదులు. వాటి కొసలకు తెల్లగా సిమెంటు అంటుకుని ఉంది. తొక్కు బాబాయ్, తొందరగా తొక్కు అన్నాను రిక్షా అతన్ని.

చర్చి ముందు దిగేసరికి లోపలి నుంచి పిల్లల పాట వినిపిస్తోంది. వేసవి సెలవుల బైబిలు బడి. పై కప్పు ఇంకా వేయలేదు కాబట్టి కొత్త కట్టడం మొత్తంలో నీడ ఉన్నది ఒక్క చోటే, గ్యాలరీ కింద. బాదులన్నీ తీసేసి, ఊడ్చి, చాపలు పరిచి పాతిక ముప్పై మంది పిల్లల్ని కూర్చోబెట్టారు. గ్యాలరీ అంచు నుంచి బొట్టుబొట్టుగా నీళ్లు కారుతున్నాయి. ఆ చల్లదనానికి పిల్లలు హాయిగా ఉన్నారు. పాట చెప్పిస్తున్నది మా అమ్మ. ముప్పై ఏళ్లు ఒకటో తరగతి చెప్పి రిటైరై, ఆ పది రోజులూ బైబిలు బడి చెప్పడానికి పుట్టింటికి వెళ్లింది.

పైకి చూశాను. స్లాబు చుట్టూ బురద మట్టితో గట్టు. గట్టు నిండా నీళ్లు. మామూలుగా స్లాబు తడపడానికి రెండంగుళాలు నిలబెడితే ఎక్కువ. మామయ్య నారుమడికి పెట్టినట్టు ముప్పాతిక అడుగు పెట్టాడు.

"ఏంటే, చెప్పాపెట్టకుండా వచ్చావు? ఆ మొహమేంటి?" అంది అమ్మ.

"అమ్మా, పిల్లల్ని బయటికి తీసుకురా. ఇప్పుడే. పరుగెత్తించకు."

అమ్మ నా మొహం చూసింది, తల పైకెత్తి చూసింది. పిల్లల వైపు తిరిగి, "లేవండర్రా! వరసలో చింతచెట్టు కిందికి. పాట ఆపకూడదు. ఎవరు ఆపితే వాళ్లు ఓడినట్టు" అంది.

పిల్లలు పాడుకుంటూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని బయటికొచ్చారు. చివరి పిల్ల చెప్పు వదిలేశానని వెనక్కి తిరగబోతే అమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. అందరికంటే ఆఖర్న బయటికి అడుగు పెట్టింది అమ్మే. నేను అక్కడే ఇసక కుప్ప మీద కూలబడ్డాను. ఆ పాట ఎక్కడ విన్నా ఇప్పటికీ ముందు తలెత్తి పైకప్పు చూస్తాను, తర్వాత నవ్వొస్తుంది.

మామయ్య పొలం నుంచి వచ్చాడు.

"ఏంటమ్మాయ్, పిల్లల్ని ఎండలో నిలబెట్టావు?"

"బాదులు ఎవరు తీయమన్నారు మామయ్యా?"

"నేనే. పక్కూళ్లో ఉజ్జీవ ప్రార్థన కూటాలు పెట్టారు, పందిరికి బాదులు చాల్లేదంటే దేవుడి పనే కదాని ఇప్పించాను. గట్టిపడిందిగా! నువ్వు చూస్తావని నీళ్లు కూడా దండిగా పెట్టించా."

"నేను వచ్చి చెప్పేదాకా తీయొద్దన్నాను కదా!"

"నా మేనకోడలివి, నీకు నేను చెప్పుకోలేనా ఏంటి?"

మస్తాన్ మేస్త్రి పక్కన నిలబడి ఉన్నాడు. తీయనని ఆయన రెండు రోజులు మొండికేశాడని, మామయ్య కేకలేస్తే తీశాడని నాకు తర్వాత అమ్మ చెప్పింది. ఆయన చెప్పలేదు.

పైకి ఎవరూ ఎక్కొద్దన్నాను. మేస్త్రి వెనక గోడకు నిచ్చెన వేసి, దాని మీద నిలబడి పొడుగాటి గెడతో గట్టు తెంపాడు. ఎర్రటి నీళ్లు పావుగంట సేపు కారాయి. నీళ్లు దిగాక తాటి దూలాలు తెప్పించి నాలుగు దూలాల కిందా ఊతంగా నిలబెట్టాం. పొద్దు వాలకముందే గ్యాలరీ మళ్లీ నేల మీద ఆనింది. అప్పుడు నేను నిచ్చెనెక్కి చూశాను. గోడ దగ్గర రెండు దూలాల మీద వెంట్రుకవాసి పగుళ్లు. వాటి కొసల దగ్గర పెన్సిలు గీత గీసి తారీఖు వేశాను.

మర్నాడు పెద్ద సారు తనంతట తానే బస్సులో వచ్చారు. పగుళ్లు నా గీతలు దాటలేదు. నీళ్లెంత లోతు పెట్టారో మామయ్యను అడిగి, కాగితం మీద లెక్కేసి, నావైపు తిరిగారు.

"అరవై మందికి పైగా మనుషుల బరువు. లోడు టెస్టు మీ మామయ్యే చేసేశాడు, ఫీజు ఆయనకివ్వు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నిలబడింది కాబట్టి సరిపోయిందనుకుంటే మాత్రం రేపట్నుంచి ఈ పని మానేయ్."

ఆయన పద్ధతిలో అదే పరామర్శ.

ఆదివారం

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. అప్పటికే ఊళ్లో మాట ఖాయమైపోయింది. మేస్త్రి తొందరపడి బాదులు తీశాడు, పిల్లల మీద పడాల్సింది దేవుడు కాపాడాడు. ఒక పెద్దాయన, "మేస్త్రికి బుద్ధుండక్కర్లా? రేపట్నుంచి ఇంకో మేస్త్రిని చూసుకుందాం" అన్నాడు. ఇంకొకాయన రేపల్లెలో తన బావమరిది ఇంటిపని కూడా ఈయనకు ఇవ్వొద్దని చెప్తానన్నాడు. మస్తాన్ మేస్త్రి గుమ్మం దగ్గర తువ్వాలు చేతిలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మామయ్య నేల చూపులు చూస్తున్నాడు.

పట్టికలో వరసలు మారిన సంగతి నాకూ పెద్ద సారుకూ తప్ప మూడో మనిషికి తెలియదు. నేను నోరు మూసుకుంటే చాలు. "బాదులు ముందే తీశారు కాబట్టి జాగ్రత్త కోసం కింద స్తంభాలు వేద్దాం" అంటే అందరూ తలూపుతారు. నా పేరు నిలబడుతుంది, ఆ మనిషి పేరు పోతుంది. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చిందని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గులేదు. అప్పుడుంది.

పగుళ్లు చూసి వెళ్లిన రోజే బస్సు దగ్గర పెద్ద సారును అడిగాను, చెప్పాలా వద్దా అని. "అది ఇంజనీరింగు ప్రశ్న కాదు, నన్నడక్కు" అని బస్సెక్కారు.

లేచి నిలబడ్డాను.

"బాదులు ఇరవై ఎనిమిది రోజులూ ఉన్నా ఆ గ్యాలరీ తప్పేనండి. రాడ్లు తక్కువ పడ్డాయి. కాగితంలో నేను తప్పు రాశాను. స్లాబు పోసే రోజు పొద్దున ఈ మేస్త్రిగారు ఇంతేనా అని నన్ను అడిగారు. మీ అందరి ముందూ నేనే కసిరాను. ఆయన అడిగినప్పుడు నేను పుస్తకం తెరిచి ఉంటే ఇదంతా ఉండేది కాదు."

అప్పుడు మామయ్య లేచాడు. అరవై దాటిన మనిషి, కమిటీలో ఎన్నడూ తగ్గి మాట్లాడనివాడు.

"బాదులు తీయించింది నేను. మస్తాన్ వద్దన్నాడు. నేనే కేకలేశా" అన్నాడు.

అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మా ఇద్దర్నీ చూసి, "అయితే ఇప్పుడేం చేద్దామమ్మా?" అని అడిగారు. అంతే. నా మొత్తం సర్వీసులో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అంత చల్లటిది లేదు. వారం రోజులుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఆ మధ్యాహ్నం మామయ్య ఇంట్లో మూడుసార్లు మారు వడ్డించుకున్నానని అమ్మ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

గ్యాలరీ అంచున నాలుగు దూలాల కిందా నాలుగు స్తంభాలు వేశాం. వాటి పునాది గుంటలు తవ్వించింది, రాడ్లు కట్టింది మస్తాన్ మేస్త్రే. స్తంభాలు అందంగా లేవు. వెనక వరసలో కూర్చునేవాళ్లకు ప్రసంగ వేదిక సగం కనబడదు. ఎవరన్నా విసుక్కుంటే మామయ్య, "మా మేనకోడలి డిజైను, పటిష్టం" అనేవాడు. ఆ క్రిస్మసుకు నలభై మంది ఎక్కి పాడారు. నేను ఒక స్తంభానికి ఆనుకుని కింద నిలబడ్డాను.

అడగడం

ఆ తర్వాత చాలా ఏళ్లు నా పనులు సగం మస్తాన్ మేస్త్రితోనే చేయించాను. ఆయనకు ఒకే షరతు పెట్టాను. స్లాబు పోసే ముందు ఏ దూలం గురించయినా సరే, ఎంతమంది ముందయినా సరే, అడగాలి. పట్టిక మీద నాకు నమ్మకం పోయింది. సైటుకు డ్రాయింగుతో పాటు లెక్కల పుస్తకం కూడా తీసుకెళ్లడం అప్పటి నుంచే మొదలుపెట్టాను. మీకు చెప్పదలచుకున్న పనితనం ఇంతే. తప్పులు లెక్కలో కంటే లెక్కకూ కాగితానికీ మధ్య ఎక్కువ జరుగుతాయి. వాటిని పట్టుకునే కళ్లు చాలాసార్లు చదువుకున్నవాళ్లవి కావు.

తొంభైల మధ్యలో బాపట్లలో ఒక మేడకు పోర్టికో వేస్తున్నాం. మిక్సరు సిద్ధంగా ఉంది, కూలీలు నిలబడి ఉన్నారు, ఇంటాయన గడియారం చూసుకుంటున్నాడు. మస్తాన్ మేస్త్రి నిచ్చెన దగ్గరికొచ్చాడు.

"అమ్మగారూ, దీనికి ఇంతేనా అండి?"

సరిపోయిందని నాకు తెలుసు. అయినా ఇసక కుప్ప మీద కూర్చుని పుస్తకం తీసి మొదటి నుంచి చూశాను. అరగంట పట్టింది. ఇంటాయన గొణుగుతూనే ఉన్నాడు.

"ఇంతే మేస్త్రిగారూ. సరిపోతుంది."

"సరిపోద్దని నాకూ తెలుసండి."

"మరెందుకు అడిగారు?"

"నేను అడగడం మానేస్తే మీరు చూడ్డం మానేస్తారేమోనని అండి."

పుస్తకం సంచిలో పెట్టుకుని మిక్సరు తిప్పమన్నాను.